మా యింటికి క్రొత్త తీగ

బియ్యములో రాయి యున్నచో కంటికి కనబడును. పాలలో నీరు చేరినచో నాలుకకు తెలియును. కాని మన యింటి గోడవెంబడి ప్రాకివచ్చు తీగలలో ఏది యెక్కడినుండి వచ్చుచున్నదో, దానికి నెల కెంత చెల్లించుచున్నామో, అది నిలిచిపోయినచో నెవరిని పిలువవలెనో మనలో ననేకులకు తెలియదు. ఇతరుల మాట యేల? పదునైదేండ్లుగా సంసారము నడపుచున్న నాకే మొన్నమొన్నటి వఱకు తెలియదు. అందువలన మా యింట నాలుగు దినములు జరిగినదానిని సిగ్గు విడిచి సోదరీమణులకు విన్నవించుచున్నాను.

మాది తెనాలికి సమీపమున నున్న యొక గ్రామము. మావారు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులు. ఇంటిలో మా అత్తగారును, మేమిద్దఱమును, ఎనిమిదవ తరగతి చదువు మా అమ్మాయియు నున్నాము. నేను బడికి పోయి చదివినది స్వల్పము. తక్కిన చదువంతయు మా తాతగారి యొద్ద, వసారాలో చాపపై కూర్చుండి చెప్పుకొన్నదే. భారతములో ఏ పర్వమున నేమున్నదో చెప్పగలను గాని, టీవీ వెనుక నున్న నాలుగు రంధ్రములలో ఏది దేనికో నిన్నటి వఱకు చెప్పలేకపోతిని.

మా అత్తగారికి డెబ్బదియెనిమిదేండ్లు. హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977లో ప్రసారములు మొదలిడినను, మా యూరికి బొమ్మ వచ్చుటకు చాల కాలము పట్టినదట. 1987 జనవరిలో రామాయణ ధారావాహికము మొదలైనప్పుడు, అత్తగారు ప్రతి యాదివారము తెల్లవాఱుజాముననే వంట ముగించి, ఊరిలో నొకరి యింట టీవీ యెదుట కూర్చుండి, హిందీ యొక్క ముక్కయు రాకున్నను కన్నీరు తుడుచుకొనుచు చూచెడివారట. పిమ్మట మా డాబాపై కడ్డీల యాంటెన్నా లేచెను. గాలికి అది తిరిగినప్పుడెల్ల మామగారు మీదికెక్కి త్రిప్పుచు "వచ్చిందా?" యని కేక వేయుటయు, అత్తగారు క్రిందినుండి "ఇంకొంచెం" అనుటయు నుండెడిదట. ఈటీవీ 1995లో మొదలైన కొలది కాలమునకు కేబులు వచ్చెను. 2017లో ప్రభుత్వము పెట్టిన గడువుతో పల్లెలలో సయితము పాత పద్ధతి ప్రసారములు ముగిసి, ప్రతి టీవీకిని సెట్టాప్ బాక్సు తప్పనిసరి యయ్యెను. ఇన్ని మార్పులను అత్తగారు దాటివచ్చిరి. కావుననే మఱియొక మార్పు వారికి కష్టమగునని నాకు తోచనే లేదు.

మోకాళ్ల నొప్పులచే గుడికి పోవుట మానినది మొదలు అత్తగారికి లోపలి గదిలోని టీవీయే గుడి. తిరుమల తిరుపతి దేవస్థానములవారు 2008లో ప్రారంభించిన శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానెలు తప్ప వారు చూచునవి రెండు మూడే. మధ్యాహ్నము పన్నెండు గంటలకు శ్రీవారి కల్యాణోత్సవము చూచి, చేతులు జోడించి, రెండక్షింతలు తలపై వేసికొన్న పిమ్మటగాని కంచము ముందు కూర్చుండరు. వంట యెంత ముందుగా నైనను, నేనెంత తొందరపెట్టినను ఈ నియమము తప్పదు. అన్నము చల్లారిపోవుచున్నదని నేను లోలోన విసుగుకొన్న దినములును గలవు.

మా యింట కేబులునకు నెలకు 350 రూపాయలును, టెలిఫోను రాగి తీగపై వచ్చు ఇంటర్నెట్టునకు 590 రూపాయలును చెల్లించుచుంటిమి. వాన పడినచో ఇంటర్నెట్టు నిలిచిపోవుచుండెను. 2020లో బడులు మూతపడినప్పుడు మావారు సంకేతము దొరకక వీధి యరుగుపై కూర్చుండి పాఠములు చెప్పిన సంగతి ఇంకను మఱవలేదు. ఇట్లుండగా మా వీధికి గాజు తీగ, అనగా ఫైబరు, వచ్చెను. టీవీయు, ఇంటర్నెట్టును ఒక్క తీగపైననే వచ్చునట. కరపత్రముపై 599 రూపాయలని యుండెను. నూటికి 18 చొప్పున పన్ను చేరగా 706 రూపాయల 82 పైసలు. మావారు కాగితముపై లెక్క వేసి, ఏడాదికి దాదాపు 2,800 రూపాయలు మిగులునని తేల్చిరి. గణితోపాధ్యాయులకు ఇంతకన్న నేమి కావలెను? మార్చుటకు నిశ్చయించితిమి.

ఒక సోమవారము పదునొకండు గంటల వేళ ఇరువదియేండ్ల కుఱ్ఱవాడొకడు నిచ్చెనతోను, నల్లని తీగచుట్టతోను వచ్చెను. "సారు లేరా అమ్మా?" యని యడిగెను. బడికి పోయిరని చెప్పితిని. అతడు మావారితో ఫోనులో మాటాడి, వారికి వచ్చిన ఓటీపీని తెలిసికొని పని మొదలిడెను. స్తంభముమీది పెట్టెనుండి తీగను మా వసారాకు లాగి, కిటికీ ప్రక్కన గోడకు రంధ్రము చేసి లోనికి తెచ్చి, కొన నొలిచి, వెండ్రుకవంటి గాజు పోగును పైకి తీసెను. దానిని తుడిచి, చిన్న యంత్రములో మఱియొక పోగుతో నతికించి, ముందు గదిలో గోడకు బిగించిన తెల్లని పెట్టెకు తగిలించెను. పిమ్మట లోపలి గదిలో అత్తగారి టీవీకి క్రొత్త సెట్టాప్ బాక్సును కట్టెను.

పని యైన పిదప అతడు నాకు చెప్పవలసిన మాటలు చెప్పెను. "ఇది పాన్ లైటమ్మా, ఇది లాస్. వై-ఫై రెండు పేర్లతో వస్తుంది, టూ పాయింట్ ఫోర్ ఒకటి, ఫైవ్ ఒకటి. టీవీలో సోర్సు హెచ్.డి.ఎమ్.ఐ. రెండులోనే ఉంచండి." నేను వంటింటి గడపకడ నిలుచుండి "ఆ, ఆ" యని తల యూపుచుంటిని. ఒక్క మాటయు బోధపడలేదు. "మళ్లీ చెప్పు నాయనా" యనుటకు నోరు రాలేదు. పంతులుగారి భార్యకు ఇంతమాత్రము తెలియదా యని యతడు తలచునేమో యని నా శంక. అతడు సంతకము చేయించుకొని పోయెను. మంచముపై కూర్చున్న అత్తగారును ఆ మాటలన్నియు వినుచుండిరని నాకు తట్టనేలేదు.

ఆ సాయంకాలమే మావారు పాత కేబులు మనిషికి ఫోను చేసి ప్రసారము నిలిపివేయుమనిరి. ఆలస్యమైనచో మఱియొక నెల సొమ్ము చెల్లింపవలసివచ్చునని వారి భయము. ఈ తొందరయే మేము చేసిన మొదటి తప్పు.

రాత్రి మా అమ్మాయి బామ్మకు క్రొత్త రిమోటు చూపెను. "ఇది నొక్కితే హోము, ఇలా పైకి, ఇలా కిందికి, ఇది ఓకే. అంతే బామ్మా, ఎంత తేలికో!" అని అర నిమిషములో ముగించి తన చదువునకు పోయెను. అత్తగారు "అంతేనా" యని యూరకుండిరి. కొంతసేపటికి టీవీలో బొమ్మ నడుచుచు నడుచుచు నిలిచి, నడుమ నొక చక్రము తిరుగనారంభించెను. అత్తగారు తాము నొక్కరానిది నొక్కితిమని భయపడి రిమోటును ప్రక్కన పెట్టివేసిరని నాకు తరువాత తెలిసినది.

మఱునాడు పదునొకండున్నరకే అత్తగారు "అమ్మాయీ, వంటయిందా? వడ్డించు" అనిరి. నాకు సంతోషమయ్యెను. వేడి యన్నము తినిరి గదా, నా పనియు త్వరగా తెమలెను గదా యనుకొంటిని. బుధవారమును అట్లే, గురువారమును అట్లే. గదిలో టీవీ మ్రోగుట లేదని గమనింపకపోలేదు. ఒకసారి అడుగగా "ఏముందిలే చూడ్డానికి! కళ్లు మండుతున్నాయి" అనిరి. నేను కంటి చుక్కల మందు తెచ్చి వేసితిని.

శుక్రవారము ఉదయము కేబులు మనిషి పాత సామానుకొఱకు వచ్చెను. పెట్టె, దాని అడాప్టరు, రిమోటు, మూడును అప్పగించినగాని డిపాజిట్టు సొమ్ము మరల రాదు. పెట్టెయు, అడాప్టరును దొరకినవి, రిమోటు కనబడలేదు. ఆదివారము రమ్మని యతనిని పంపి, ఇల్లంతయు వెదకితిని. అత్తగారు స్నానమునకు పోయినప్పుడు పక్క దులుపుచుండగా, అది తలగడ క్రింద దొరకెను. దానిపై నంకెలన్నియు నరిగి నున్నబడియుండెను.

అత్తగారు తిరిగివచ్చి నా చేతిలోని రిమోటును చూచి కొంత తడవు మాటాడలేదు. పిమ్మట మెల్లగా "దాన్ని ఇచ్చేయాలా అమ్మాయీ?" అనిరి.

"ఇక అది పనిచేయదు కదా అత్తయ్యగారూ" అంటిని.

"తెలుసు. దీంతో అయితే నా వేళ్లకే దారి తెలుసు. ఆ కొత్తదాంతో చేతకావడం లేదు. ఆ కుర్రాడు నీకు చెబుతుంటే విన్నాను, పిల్ల చెబుతుంటే విన్నాను, ఏమీ అర్థం కాలేదు. మళ్లీ అడిగితే ముసలిదానికి మతి లేదంటారని ఊరుకున్నా. కల్యాణం చూడకుండా పన్నెండింటిదాకా ఊరికే కూర్చోలేక ముందే తినేస్తున్నా."

నాకు మాట రాలేదు. మూడు దినములు వేడి యన్నము పెట్టితినని సంతోషించినది నేనే. బాధ యొకచోట నుండగా కంటికి మందు వేసినదియు నేనే. అంతకన్న సిగ్గైన సంగతి మఱియొకటి గలదు. ఆమె మనుమరాలిని మరల నడుగలేకపోవుటకును, నేను ఆ కుఱ్ఱవానిని మరల నడుగలేకపోవుటకును కారణ మొక్కటే.

భారతములో మయసభా ఘట్టము చెప్పునప్పుడు మా తాతగారు సుయోధనుని యసూయను గూర్చియే చెప్పెడివారు. ఆ దినమున నాకు వేఱొకటి తోచెను. నేల యనుకొని నీటిలో పడి, నీరనుకొని నేలపై వస్త్ర మెత్తి నడచిన యా రాజు, క్రొత్త సభలో నడుగుపెట్టునప్పుడే "ఇది నేలయా, నీరా?" యని ద్వారముకడ నున్న సేవకు నొక్కని నడిగియుండిన చాలును. అడుగుటకు నామోషి యడ్డుపడెను. పడిన పిమ్మట నవ్విరని కడుపు మండెను. క్రొత్త వస్తువు చేరిన ప్రతి యిల్లును కొంతకాలము మయసభయే. అందు ముందుగా కాలుజారునది వృద్ధులకు. వారు పడిన చప్పుడైనను మనకు వినబడదు.

అప్పుడే ఆ కుఱ్ఱవానికి నేనే ఫోను చేసితిని. సాయంకాల మతడు వచ్చెను. అమ్మాయి నోటుపుస్తకము తీసికొని, అత్తగారి మంచము ప్రక్కన కుర్చీ వేయించి, "మొదటినుండి చెప్పు నాయనా, నాకు తెలియదు" అంటిని. అతడు విసుగుకొనలేదు. "ఎవరూ అడగరమ్మా. పనైపోగానే సంతకం పెట్టి పొమ్మంటారు" అని నవ్వి, గంటసేపు చెప్పెను. నేను వ్రాసికొన్నదానిలో మీకు పనికివచ్చునది ఇచట పొందుపఱచుచున్నాను.

గాజు తీగలో పరుగెత్తునది విద్యుత్తు కాదు, వెలుగు. పైపూత తీసిన పోగు మందము మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. వెలుగు నడచు నడిమి భాగము అందులో మఱింత సన్నము. ఆ వెలుగు కంటికి కనబడదు గాని కంటికి హాని చేయగలదు. కాబట్టి ఊడిన తీగ కొనను కంటియెదుట పెట్టుకొని చూడరాదు, పిల్లలను చూడనీయరాదు. తీగను చీర మడచినట్లు మడచరాదు. మేకుకు గట్టిగా చుట్టరాదు. వంపు బిగువైనచో వెలుగు ప్రక్కకు జాఱిపోవును. పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ 1954లో గాజు పోగుల కట్టగుండ బొమ్మను పంపి చూపినవారిలో నొకరనియు, మలినములు తీసిన గాజులో వెలుగు చాల దూరము పోగలదని 1966లో చెప్పిన చార్లెస్ కావోకు 2009లో నోబెలు బహుమాన మిచ్చిరనియు మావారు నడుమ నందుకొని చెప్పిరి.

తెల్లని పెట్టెపై నున్న దీపములు మన యింటి నాడివంటివి. "పాన్" అను దీపము నిలుకడగా పచ్చగా వెలిగినచో వెలుపలినుండి వెలుగు సరిగా వచ్చుచున్నదని యర్థము. "లాస్" అనుచోట ఎఱ్ఱదీపము కనబడినచో వెలుగు మనదాక చేరుట లేదు. తీగ ఊడినదో, తెగినదో చూడవలెను. అప్పుడు ప్లగ్గు పదిమార్లు తీసి పెట్టినను ప్రయోజనము లేదు, ఫోను చేయుటయే మార్గము. ఎఱ్ఱదీపము లేకయే ఇంటర్నెట్టు నిలిచినచో మాత్రము పెట్టెను ఆపి, ఒక నిమిషము తాళి, మరల వేసి చూడవచ్చును. స్తంభముమీది పెట్టెలో ఒక్క పోగు వెలుగును పలు ఇండ్లకు చీల్చి పంచుటకు కరెంటు అక్కఱలేదు. కాని మన యింటి పెట్టెకు కావలెను. కరెంటు కోతలున్న యూళ్లలో దానికొక చిన్న బ్యాటరీ పెట్టెను కొనుట మంచిది.

ఇక బొమ్మ నిలిచిపోవుటకు కారణము. మాది పాతకాలపు ఇల్లు. గోడలు అడుగున్నర మందము. వై-ఫైలో "ఫైవ్" అనునది వడిగలది గాని గోడలను దాటలేదు. "టూ పాయింట్ ఫోర్" అనునది నిదానము గాని దూరము పోవును. టీవీ పెట్టెను రెండవదానికి మార్చగా కొంత నయమయ్యెను. అంతకన్న మేలని, కుఱ్ఱవాని సలహాపై పదునైదు మీటర్ల ల్యాన్ తీగ తెప్పించి, ముందు గది పెట్టెనుండి లోపలి గదికి తలుపు చట్రము వెంబడి వేయించితిమి. అది మొదలు బొమ్మ నిలువలేదు. టీవీ వెనుకనున్న హెచ్.డి.ఎమ్.ఐ. రంధ్రములకు సంఖ్యలుండును. పెట్టె తీగను ఏ సంఖ్యకు తగిలించితిమో, టీవీ రిమోటుపై "సోర్సు" నొక్కి ఆ సంఖ్యనే యెన్నుకొనవలెను. తెర నల్లగా నుండి "సిగ్నలు లేదు" అని కనబడినప్పుడు ముందుగా చూడవలసిన దిదియే.

వై-ఫై పాస్‌వర్డు మా ఫోను సంఖ్యయే యుండెను, దానిని మార్పించితిని. ఖాతా మావారి పేరిట నున్నను నా సంఖ్యను కూడ అందులో చేర్పించితిని. వారు తరగతిలో నున్నప్పుడు తీగ తెగినచో, ఫిర్యాదు చేయుటకు సాయంకాలము వఱకు వేచియుండనక్కఱలేదు.

అత్తగారి పని మిగిలెను. రెండు రిమోటులు వారికి పెద్ద చిక్కు. టీవీని వేయుటయు, శబ్దము పెంచుటయు క్రొత్త రిమోటుకే నేర్పవచ్చునని కుఱ్ఱవాడు చెప్పి, అట్లే చేసి, రెండవదానిని బీరువాలో పెట్టుమనెను. వారు చూచు మూడు ఛానెళ్లను ఇష్టమైనవాని పట్టికలో చేర్చెను. అమ్మాయి అట్టముక్కపై వాని సంఖ్యలను అంగుళమెత్తున నల్లసిరాతో వ్రాసి మంచమునకు కట్టెను. తన గోళ్ల రంగుతో "ఓకే" మీటపై రెండు పూతలు వేసి, వ్రేలికి తగులునట్లు చిన్న బొట్టు పెట్టెను. పిమ్మట రిమోటు తన చేత పట్టక, బామ్మ చేతనే నొక్కించుచు అరగంట కూర్చుండెను. తప్పు నొక్కినప్పుడెల్ల "ఫరవాలేదు బామ్మా, మళ్లీ హోము నొక్కు" అనుచుండెను. ఆ మాట సోమవారమే యనియుండిన నెంత బాగుండెడిది! కాని దానికి ఆ దిన మెవరు చెప్పిరి?

ఆదివారము కేబులు మనిషి మరల వచ్చెను. పాత రిమోటును అత్తగారే చీర కొంగుతో తుడిచి యతని చేతికిచ్చిరి. నేను పెట్టెపైనున్న సంఖ్యతో సహా రసీదు వ్రాయించుకొని, డిపాజిట్టు సొమ్ము పుచ్చుకొంటిని. రసీదు లేనిచో, సామాను రాలేదని కొన్ని నెలల పిదప ఎవరైన నన్నప్పుడు మన నోటిమాట చెల్లదు. అట్టి తగవు తెగనప్పుడు జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915నకు ఫోను చేయవచ్చును.

ఈ మార్పు చేయదలచిన సోదరీమణులకు నా మనవి యొక్కటి. క్రొత్త తీగ వచ్చిన దినముననే పాతదానిని త్రెంచుకొనవలదు. వారము దినములైన రెంటిని నుంచి చూడుడు. నూఱు రూపాయలు ఎక్కువైనను, ఇంటిలోని వృద్ధులకు అలవాటు తప్పక నిలుచును. ప్యాకేజీలో మూడువందల ఛానెళ్లున్నవని మురియక, మన యింటివారు చూచు నాలుగును అందులో నున్నవో లేవో ముందు చూడుడు. 2019 ఫిబ్రవరి 1 మొదలు టీవీ కంపెనీలు ప్రతి ఛానెలు ధరను విడిగా ప్రకటించి, కోరినదానిని విడిగా నిచ్చు పద్ధతి వచ్చినది గనుక, ఒక్కటి కొఱవడినచో దానినే అడుగవచ్చును. పని చేయువాడు వచ్చినప్పుడు మాత్రము గడపకడ నిలువక, పెట్టె ప్రక్కకు పోయి నిలువుడు. తెలియనిదానిని తెలియదనుడు. ఇంటిలోని పెద్దవారిని కూడ అక్కడ కూర్చుండబెట్టుడు.

నిన్న మధ్యాహ్నము వంట పదునొకండింటికే యయ్యెను. పిలిచితిని. లోపలి గదినుండి "ఉండు అమ్మాయీ, ఇంకా మాంగల్యధారణ కాలేదు" అని కేక వినబడెను. అత్తగారు భోజనమునకు లేచునప్పటికి ఒంటిగంట దాటెను. అన్నము చల్లారిపోయెను. నాకు విసుగు రాలేదు. చారు మరల వేడిచేసితిని.